పన్నెండు వోల్టులున్నా తిరగని వెనక వైపర్

వెనక అద్దం వైపర్ పాడైతే చాలామంది పట్టించుకోరు. ముందుది ఉంటే చాలు కదా అంటారు. సెడాన్ నడిపేవాళ్ళకి ఆ మాట సరిపోతుంది. దాని వెనక అద్దం వాలుగా ఉంటుంది కాబట్టి పైనుంచి వచ్చే గాలే నీళ్ళని చాలావరకు తోసేస్తుంది. హ్యాచ్‌బ్యాక్‌కి అలా కుదరదు. వెనక భాగం దాదాపు నిటారుగా ఉండటంతో, బండి వేగంగా వెళ్తున్నప్పుడు అక్కడ గాలి పీడనం తగ్గి, చక్రాలు చిమ్మిన బురదనీళ్ళు పైకి లేచి అద్దానికే పట్టుకుంటాయి. వానాకాలంలో విజయవాడ నుంచి గుంటూరు బయల్దేరితే మంగళగిరి దాటేసరికి నాకు వెనక లారీ ఉందో లేదో కూడా తెలియదు. ఆ దారి నాకు రోజువారీ పని. అందుకే ఈ వైపర్ సంగతి వదల్లేకపోయాను.

కారు పదేళ్ళు దాటిన పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం, డిక్కీ తలుపు పైకి లేచే ఏ బండికైనా వచ్చే జబ్బే ఇది. మొదట్లో వైపర్ ఒకసారి తిరిగేది, ఒకసారి తిరిగేది కాదు. డిక్కీ గట్టిగా వేస్తే మళ్ళీ పనిచేసేది. ఒకరోజు అద్దం మధ్యలో నిలబడిపోయి, ఇక కదల్లేదు.

మధ్యలో ఆగిపోవడం అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, సగం సమాచారం అందులోనే ఉంది. మనం స్విచ్ ఆపిన క్షణాన వైపర్ ఎక్కడుంటే అక్కడ ఆగదు, తన చోటికి వెళ్ళి పడుకుని అప్పుడు ఆగుతుంది. దానికోసం మోటారు లోపల గేరుతో పాటు తిరిగే ఒక పళ్ళెం, దాని మీద రాసుకునే కాంటాక్టులు ఉంటాయి. స్విచ్ ఆపినా ఆ కాంటాక్టుల ద్వారా కరెంటు అందుతూనే ఉండి, చెయ్యి కిందికి చేరాక తెగుతుంది. దీన్ని పార్కింగ్ లైన్ అంటారు. అంటే స్టీరింగ్ పక్కనున్న స్విచ్ ఒక్కటే పాడైతే, తిరుగుతున్న వైపర్ మామూలుగా ఇంటికి చేరి ఆగాలి. అద్దం మధ్యలో చచ్చిపడిందంటే మోటారుకి స్విచ్ లైనూ పార్కింగ్ లైనూ రెండూ ఒకేసారి పనికిరాకుండా పోయినట్టు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవేమిటి? ఫ్యూజు, మోటారు, ఎర్త్ (కరెంటు కారు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి). నా అనుమానాల జాబితా అక్కడితో చిన్నదైపోయింది.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. అక్కడి కుర్రాడు డిక్కీ లోపలి అట్ట ఊడదీసి, టెస్ట్ ల్యాంపు క్లిప్పుని డిక్కీ తాళం పడే కొక్కేనికి తగిలించి, ముల్లుని మోటారుకి వైర్లు తగిలించే ప్లగ్గులో, అంటే కప్లర్‌లో పెట్టాడు. స్విచ్ వేయగానే ల్యాంపు వెలిగింది.

“కరెంటు బాగానే వస్తోంది సార్. మోటారు పోయింది. అసెంబ్లీ మొత్తం మార్చాలి.”

ఎస్టిమేట్ చూస్తే ముందు టైర్లలో ఒకటి మార్చుకునేంత డబ్బు. చెబుతానని వచ్చేశాను. డబ్బు సంగతి తర్వాత, మనసులో మరో ముల్లు గుచ్చుకుంటోంది. అంతకు కొద్దిరోజుల ముందే మా అబ్బాయి రాత్రిపూట గేటు తీస్తూ అన్నాడు: “నాన్నా, నువ్వు బ్రేకు తొక్కినప్పుడల్లా నంబరు ప్లేటు లైటు వెలుగుతోంది. పైన లైటేమో సరిగ్గా రావట్లేదు.” అప్పటికి హెడ్‌లైట్లు ఆపేసి ఉన్నాయి. లైట్లు ఆపేస్తే నంబరు ప్లేటు బల్బుకి కరెంటే ఉండకూడదు.

మోటారు పాడైతే బ్రేకు తొక్కినప్పుడు నంబరు ప్లేటు ఎందుకు వెలుగుతుంది? వైపర్ మోటారు, అద్దం పైనుండే మూడో బ్రేకు లైటు, నంబరు ప్లేటు బల్బు – నా కారులో ఈ మూడూ డిక్కీ తలుపు మీదే ఉన్నాయి. మూడింటికీ కలిపి బాడీకి వచ్చే ఎర్త్ వైరు ఒకటే. ఆ వైరు తెగితే బ్రేకు లైటులోంచి వచ్చిన కరెంటుకి బయటికి పోయే దారి ఉండదు. అప్పుడు అది నంబరు ప్లేటు బల్బులోంచి వెనక్కి దూరి, పార్కింగ్ లైట్ల వైరు పట్టుకుని, కింద టెయిల్ లైట్ల బల్బుల్లోంచి వాటి ఎర్త్‌కి చేరుతుంది. రెండు బల్బులు వరసగా తగులుకోవడంతో పెద్ద బల్బు మసగ్గా మిగిలి, ఐదు వాట్ల చిన్న బల్బు పసుప్పచ్చగా వెలుగుతుంది. మా వాడు చూసింది సరిగ్గా అదే.

కాబట్టి దిశ తెలిసింది. అయినా ఊహ మీద వైర్లు కొయ్యలేం కదా, వరసగా చూసుకుంటూ పోదామని ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాను.

ఫ్యూజు పని క్షణంలో అయిపోతుంది. డాష్‌బోర్డు కింద పెట్టె మూత వెనకే బొమ్మ ఉంటుంది. రంగులు అన్ని కంపెనీలకీ ఒకటే: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20. ఫ్యూజు పీకనక్కర్లేదు, దాని నెత్తి మీద రెండు చిన్న లోహపు చుక్కలు బయటికి కనపడతాయి. ఇగ్నిషన్ ఆన్ చేసి ఆ రెండింటి మీదా టెస్ట్ ల్యాంపు పెట్టాలి. రెండు చోట్లా వెలిగితే ఫ్యూజు బాగున్నట్టు, ఒకవైపే వెలిగితే పోయినట్టు. నాది బాగుంది. ఇక్కడ ఒక మాట. ఫ్యూజు పోయి ఉంటే కొత్తది వేసి ఊరుకోకూడదు, ఎందుకు పోయిందో చూడాలి. వైపర్ చెయ్యి బిగించే ఇరుసు అద్దంలోంచి బయటికి వచ్చే చోట రబ్బరు వాషరు పాతబడితే నీళ్ళు లోపలికి దిగి, ఇరుసు తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. అప్పుడు మోటారు తిరగలేక ఎక్కువ కరెంటు లాగి ఫ్యూజుని కాలుస్తుంది. పెద్ద ఫ్యూజు వేసేవాళ్ళని చూశాను. అది వైరింగ్‌కి నిప్పు పెట్టుకోవడమే.

తర్వాత మోటారు. డిక్కీ అట్ట ప్లాస్టిక్ క్లిప్పులతో పట్టి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో కుళ్ళగిస్తే పెయింటు గీరుకుపోతుంది, క్లిప్పులు విరుగుతాయి. పాత ఏటీఎం కార్డు దూర్చి, క్లిప్పు ఉన్న చోట చేత్తో లాగితే టక్కున వస్తుంది. లోపల మోటారు, దానికో కప్లర్, మూడు వైర్లు. కప్లర్ ఊడదీసి, మూలన పడున్న బైకు బ్యాటరీ తెచ్చి, మధ్యలో 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టిన వైరుతో మోటారుకి నేరుగా కరెంటు ఇచ్చాను. వైపర్ చెయ్యి ముందే తీసేశాను, పొడి అద్దం మీద రబ్బరు ఈడ్చడం దేనికని. ఇరుసు హాయిగా అటూ ఇటూ ఊగింది. ఆగలేదు, మూలగలేదు.

అంటే మార్చాలన్న మోటారు శుభ్రంగా ఉంది.

అసలు తమాషా ఆ తర్వాత మొదలైంది. మల్టీమీటరు తీశాను. మా ఆవిడ లోపల కూర్చుని స్విచ్ వేసింది. (కొన్ని కార్లలో డిక్కీ తెరిచి ఉంటే వెనక వైపర్ తిరగకుండా ఏర్పాటు ఉంటుంది. అలాంటి వాటిలో తాళం నాలుకని స్క్రూడ్రైవర్‌తో నొక్కి, మూసినట్టు నమ్మించాలి. పని అయ్యాక మళ్ళీ విడిపించకుండా డిక్కీ వేస్తే తాళం విరుగుతుంది. నా బండికి ఆ గొడవ లేదు.) ఊడదీసిన కప్లర్‌లో కరెంటు వచ్చే పిన్నుకీ బాడీకీ మధ్య 12.1 వోల్టులు. సరే, కుర్రాడు చూసిందీ అదే. ఇప్పుడు అదే పిన్నుకీ, పక్కనున్న ఎర్త్ పిన్నుకీ మధ్య చూశాను. ఎర్త్ తెగి ఉంటే సున్నా చూపిస్తుందనుకున్నాను. మీటరు మాత్రం 12.1 చూపించింది.

ఫ్యూజు బాగుంది, మోటారు బాగుంది, కప్లర్ దగ్గర కరెంటూ ఎర్త్ రెండూ ఉన్నాయి. కప్లర్ బిగించి స్విచ్ వేస్తే వైపర్ కదలదు.

ఇక్కడే ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ పెద్దాయనకి ఫోన్ చేశాను. లారీల వైరింగ్ చేసి చేసి ఆయన చేతివేళ్ళు నల్లబడిపోయి ఉంటాయి. మీటరు వాడగా నేనెప్పుడూ చూడలేదు. విషయమంతా విని, “మీటరు అవతల పెట్టండి బాబూ. ఇండికేటరు బల్బు ఒకటి తీసుకుని ఆ రెండు పిన్నుల మధ్యా పెట్టి చూడండి” అన్నారు.

ఇండికేటరు బల్బు 21 వాట్లు, పన్నెండు వోల్టుల దగ్గర రెండు ఆంపియర్లకి కాస్త తక్కువ లాగుతుంది. వైపర్ మోటారుకి దగ్గర దగ్గరగా అంతే బరువు. రెండు వైర్లు చుట్టి పెట్టాను. బల్బు వెలగలేదు. చీకట్లో పెట్టి చూసినా ఫిలమెంటు ఎర్రబడలేదు. అదే బల్బుని కరెంటు పిన్నుకీ, డిక్కీ కొక్కేనికీ మధ్య పెడితే కళ్ళు చెదిరేలా వెలిగింది.

సంగతేమిటంటే, మీటరు దాదాపు కరెంటు లాగదు. దాని లోపలి నిరోధం సాధారణంగా కోటి ఓములు. దారిలో ఎక్కడో చెడిపోయిన అతుకు నలభై ఓముల అడ్డం పెట్టినా, కోటి ముందు నలభై ఎంత? మీటరుకి పన్నెండు వోల్టులూ నిండుగా కనపడతాయి. మోటారు అలా కాదు, దాని చుట్ట నిరోధం ఒకటో రెండో ఓములు. నలభై ఓముల అడ్డంకి, ఒకటిన్నర ఓముల మోటారు వరసగా ఉంటే వోల్టులన్నీ అడ్డంకి దగ్గరే ఖర్చవుతాయి, మోటారుకి మిగిలేది అరవోల్టు కూడా ఉండదు. నీళ్ళ పైపు సగం మూసుకుపోయినా కుళాయి కట్టేసినప్పుడు ఒత్తిడి బాగానే ఉన్నట్టుంటుంది, విప్పితేనే సన్నధార అని తెలుస్తుంది.

తెలిసిపోయింది కానీ అంకెల్లో చూడాలనిపించింది. కప్లర్ మళ్ళీ మోటారుకి బిగించి, వైర్లు లోపలికి వెళ్ళే వెనక సందులోంచి గుండుసూదులు దూర్చాను, ఇన్సులేషన్‌కి బెజ్జం పడకుండా. స్విచ్ వేసి ఉండగా మోటారు రెండు పిన్నుల మధ్య 0.4 వోల్టు. ఎర్త్ పిన్నుకీ బాడీకీ మధ్య 11.7. బాగున్న ఎర్త్ అయితే ఇక్కడ వోల్టులో పదోవంతు, రెండు పదోవంతులకి మించి కనపడకూడదు. 0.4కి 11.7 కలిపితే 12.1. ఇంటర్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిన కిర్కాఫ్ నియమం పార్కింగ్ షెడ్డులో ఎదురొచ్చినందుకు నాకైతే భలే సంతోషమేసింది. మా ఆవిడ మాత్రం “ఏమండీ, ఇక స్విచ్ ఆపనా, టిఫిన్ చల్లారిపోతోంది” అంది.

వైపర్ పోయినప్పుడు నేర్చుకోవాల్సిన పరీక్ష ఏదైనా ఉందంటే ఇదే: లోడు మీద ఉండగా, అంటే మోటారు కరెంటు లాగుతుండగా, ఎర్త్ వైపు ఎన్ని వోల్టులు మిగిలిపోతున్నాయో చూడటం. కరెంటు వస్తోందా అని అందరూ చూస్తారు. వచ్చిన కరెంటు తిరిగి వెళ్ళగలుగుతోందా అన్నది చూసేవాళ్ళు తక్కువ. ఆ కుర్రాడు ల్యాంపు క్లిప్పుని బాడీ కొక్కేనికి కాకుండా కప్లర్‌లోని ఎర్త్ పిన్నుకి తగిలించి ఉంటే, అక్కడికక్కడే తేలిపోయేది.

ఇక తెగిన చోటు వెతకడం. డిక్కీ తలుపు పైన, కీలు పక్కన, బాడీలోంచి తలుపులోకి ముడతలు ముడతలుగా ఒక నల్ల రబ్బరు గొట్టం వెళ్తుంది. వైర్లన్నీ అందులోంచే. డిక్కీ తీసి మూసిన ప్రతిసారీ అవి వంగుతూ సాగుతూ ఉంటాయి. పదేళ్ళు ఈ వ్యాయామం చేస్తే రాగి తెగక ఏమవుతుంది? డిక్కీ గట్టిగా వేస్తే వైపర్ పనిచేయడానికి కారణం కూడా ఇదే, ఆ కుదుపుకి తెగిన కొసలు కాసేపు తగులుకునేవి.

గొట్టం రెండు చివర్లూ చేత్తో పీకితే ఊడొస్తాయి. లోపల చూస్తే నల్ల వైరు ఇన్సులేషన్ పగిలి, రాగి పచ్చగా చిలుం పట్టి ఉంది. పైకి తెగినట్టు కనపడదు. రెండు వేళ్ళతో పట్టి మెల్లగా లాగితే తెలుస్తుంది: బాగున్న వైరు సాగదు, లోపల రాగి తెగినది రబ్బరులా సాగుతుంది. నల్లది సాగింది. మరోసారి లాగితే చేతిలోకి వచ్చేసింది.

ఇలాంటి చోట “ఒక్క పోగు మీద వేలాడుతోంది, అందుకే మీటరు మోసం చేసింది” అంటారు అందరూ. వినడానికి బాగుంటుంది కానీ లెక్క కుదరదు. ఈ వైర్లలో పోగు మందం మిల్లీమీటరులో అయిదో వంతు అనుకుంటే, సెంటీమీటరు పొడవున్న ఒక్క మంచి పోగు నిరోధం ఓములో వెయ్యో వంతుల్లోనే ఉంటుంది. రెండు మూడు ఆంపియర్లు అది తేలిగ్గా మోసేస్తుంది. నలభై ఓములు పెట్టేది పోగు కాదు, చిలుం. పోగులన్నీ తెగిపోయి, కొసలు ఆ పచ్చ పొరలోంచి ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. మీటరుకి అది చాలు, మోటారుకి చాలదు.

బాగుచేయడంలో ఎక్కువమంది చేసేది, తెగిన చోటే రెండు కొసలు మెలిపెట్టి టేపు చుట్టడం. ఆటోనగర్‌లో పెద్దాయన దానికి ఒప్పుకోరు. వంగే చోట అతుకు ఉండకూడదన్నది ఆయన పట్టు. సోల్డరింగ్ చేసిన చోట వైరు గట్టిపడుతుంది, ఆ గట్టి భాగం అంచు దగ్గర కొత్తగా తెగుతుంది. అందుకని గొట్టానికి అటు బాడీ లోపల, ఇటు తలుపు లోపల కోసి, మధ్య ముక్క మొత్తం కొత్తది వేయాలి. సన్న పోగులెక్కువున్న మెత్తటి వైరు తీసుకోమన్నారు, పాత వైరు కంటే సన్నం కాకుండా. నేను సిలికాన్ ఇన్సులేషన్ ఉన్నది తెచ్చాను, ఎండకి అంత త్వరగా పెళుసెక్కదని. విజయవాడ ఎండలో డిక్కీ మీద చెయ్యి పెట్టలేం, ఆ రబ్బరు గొట్టం పరిస్థితి చెప్పక్కర్లేదు.

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ముందే తీసేశాను. నల్ల వైరుతో పాటు బ్రేకు లైటు వైరూ, నంబరు ప్లేటు వైరూ కూడా ఇన్సులేషన్ పగుళ్ళిచ్చి ఉన్నాయి. ఇవాళ ఎర్త్, రేపు అవి. కాబట్టి ఒక్కొక్కటే కోసి, దాని కొత్త ముక్క అతికాకే రెండోదాని జోలికి వెళ్ళాను, రంగులు కలిసిపోకుండా. అతుకులు అన్నీ ఒకే చోట పడితే గొట్టం దగ్గర లావై దూరదు, అందుకని ముందూ వెనకా చేశాను. వేడి చేస్తే ముడుచుకుని అతుకుని కప్పేసే హీట్ ష్రింక్ స్లీవ్ మాత్రం అతికించడానికి ముందే వైరులోకి ఎక్కించాలి. డిక్కీ పూర్తిగా తెరిచి ఉంచి, వైరు బిగుసుకోకుండా కాస్త వదులు ఇచ్చి కొలత చూసుకున్నాను. వెనక అద్దం మీద ఆవిరి పోగొట్టే వేడి గీతలకి వెళ్ళే లావు వైరు మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని ముట్టుకోలేదు.

స్విచ్ వేస్తే ఇరుసు ఊగింది. ఎర్త్ దగ్గర మళ్ళీ కొలిస్తే 0.05 వోల్టు. చెయ్యి బిగించే ముందు ఒకసారి స్విచ్ వేసి ఆపి, మోటారుని తన పార్కింగ్ చోటికి వెళ్ళనిచ్చాను. అప్పుడు చెయ్యిని అద్దం కింది అంచుకి సమంగా పెట్టి నట్టు బిగించాలి. ఈ వరస తప్పితే చెయ్యి అద్దం దాటి బాడీని కొడుతుంది. బ్రేకు తొక్కితే పైన లైటు నిండుగా వెలిగింది, నంబరు ప్లేటు ఊరుకుంది.

ఒక్క అనుమానం మిగిలింది. వైర్లు వంగి తెగాయి సరే, ఇంత చిలుం ఎక్కడిది? ఆ గొట్టంలోకి వాన చుక్క దూరే దారి లేదు. గొట్టం తిరిగి ఎక్కించే ముందు అద్దం కడిగే వాషర్ నొక్కి చూస్తే జవాబు దొరికింది. వెనక అద్దం మీద నీళ్ళు చిమ్మే సన్నటి ప్లాస్టిక్ పైపు కూడా వైర్లతో పాటు అదే గొట్టంలోంచి వెళ్తుంది. జాయింటు దగ్గర దానికి సన్న చీలిక ఉంది. వాషర్ నొక్కిన ప్రతిసారీ సగం నీళ్ళు అద్దం మీదికి, సగం వైర్ల మీదికి. వెనక నీళ్ళు నీరసంగా వస్తున్నాయని ఏడాదిగా అనుకుంటూనే ఉన్నాం. చీలిన ముక్క కోసేసి, మీటరు పొడవు కొత్త పైపు వేసి, జాయింటుని వైర్లకి దూరంగా తలుపు లోపలికి జరిపాను. ఆ పైపుకి అయిన ఖర్చు మల్టీమీటరు బ్యాటరీ ఖర్చు కన్నా తక్కువ.